సిబిల్ స్కోరు 618, కార్డు ‘సెటిల్డ్’: ఏజెంటుకు డబ్బు ఇచ్చే ముందు

మీరు అడిగింది ఇదీ. 2021లో క్రెడిట్ కార్డు బకాయి రూ.84,000 దాకా పెరిగింది. 2022లో బ్యాంకు వాళ్లు రూ.35,000 కడితే చాలన్నారు, కట్టేశారు. రిపోర్టులో ఆ కార్డు పక్కన ‘సెటిల్డ్’ అని పడింది. గత ఏడాది ఒక యాప్ ద్వారా తీసుకున్న పర్సనల్ లోన్‌లో రెండు వాయిదాలు ఆలస్యమయ్యాయి. ఇప్పుడు రూ.40 లక్షల హోమ్ లోన్‌కి వెళితే స్కోరు 618 ఉందని వెనక్కి పంపారు. ఒక ‘సిబిల్ కన్సల్టెంట్’ రూ.18,000 ముందుగా ఇస్తే 45 రోజుల్లో 780 చేసి పెడతానంటున్నాడు. ఇవ్వొచ్చా అని.

ఇవ్వకండి. ఒక్క రూపాయి కూడా వద్దు. పాన్ కార్డు కాపీ, ఓటీపీ అసలే వద్దు. ఎందుకో ముందు చెబుతాను, ఆ తర్వాత మీరే ఇంట్లో కూర్చుని చేసుకోవాల్సిన పని వరసగా చెబుతాను.

మన దేశంలో అప్పుల చరిత్ర భద్రపరిచే కంపెనీలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. 2005 నాటి క్రెడిట్ ఇన్ఫర్మేషన్ కంపెనీల చట్టం కింద రిజర్వు బ్యాంకు పర్యవేక్షణలో నడుస్తాయి. వీటిలో ఏదీ మీ గురించి సొంతంగా ఏమీ రాయదు. అప్పిచ్చిన బ్యాంకో ఫైనాన్స్ కంపెనీయో పంపిన వివరాలనే దాచి పెడుతుంది, వాటి మీద లెక్కగట్టి 300 నుంచి 900 మధ్య ఒక అంకె ఇస్తుంది. కాబట్టి రిపోర్టులో ఒక గీత మారాలంటే ఆ గీత పంపిన బ్యాంకు ‘అవును, మార్చండి’ అనాలి. బ్యాంకు ఒప్పుకోకుండా సిబిల్ కూడా దాన్ని ముట్టుకోదు. మధ్యలో ఏజెంటు అనేవాడికి ఈ వ్యవస్థలో తలుపే లేదు. వాడు చేయగలిగిందల్లా మీ లాగిన్‌లోకి వెళ్లి, మీ పేరుతో, మీకు ఉచితంగా దొరికే ఫిర్యాదు ఫారం నింపడం.

మరి ఆ 45 రోజుల్లో వాడు ఏం చేస్తాడంటే, చాలాసార్లు జరిగేది ఇది. మీ ఓటీపీ తీసుకుని రిపోర్టులో మచ్చ ఉన్న ప్రతి ఖాతా మీదా ‘ఇది నాది కాదు’ అని డిస్ప్యూట్, అంటే అభ్యంతరం, పెడతాడు. పరిశీలన నడుస్తున్నంత కాలం ఆ ఖాతా పక్కన ‘అండర్ డిస్ప్యూట్’ అని పడుతుంది. దాని స్క్రీన్‌షాట్ మీకు పంపి ‘పని మొదలైంది సార్, మిగతా డబ్బు వేయండి’ అంటాడు. బ్యాంకు తన రికార్డు చూసుకుని ‘ఖాతా ఈయనదే’ అని జవాబిస్తుంది, డిస్ప్యూట్ మూసేస్తారు, మచ్చ ఎక్కడిదక్కడే ఉంటుంది. ఈలోగా వాడి ఫోను స్విచాఫ్. ఇంకొంచెం తెగించిన వాళ్లు బ్యాంకు లెటర్‌హెడ్‌తో దొంగ నో డ్యూస్ సర్టిఫికెట్, అంటే బాకీ ఏమీ లేదనే కాగితం, తయారు చేసి ఇస్తారు. దాన్ని హోమ్ లోన్ ఫైల్లో పెడితే, ఫోర్జరీ కాగితం సమర్పించిన మనిషిగా ఇరుక్కునేది మీరు. లోన్ రాకపోవడం అప్పుడు చిన్న సమస్య అయిపోతుంది.

ఇక అసలు పని.

ముందు నాలుగు కంపెనీల నుంచీ రిపోర్టు తెప్పించుకోండి. 2017 జనవరి 1 నుంచి ఒక్కో కంపెనీ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు ఆదేశం. వాళ్ల సొంత వెబ్‌సైట్లకే వెళ్లండి. సబ్‌స్క్రిప్షన్ ప్లాన్లు ముందు చూపిస్తారు, ఉచిత వార్షిక రిపోర్టు లింకు కొంచెం కిందకి వెతుక్కోవాలి. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. నాలుగూ ఎందుకంటే, ఒక దాంట్లో సరిగ్గా ఉన్న ఖాతా ఇంకో దాంట్లో తప్పుగా ఉండటం మామూలే. మీ బ్యాంకు ఏ కంపెనీ రిపోర్టు తీస్తుందో మీకు ముందు తెలియదు.

రిపోర్టు చేతికొచ్చాక స్కోరు అంకె వదిలేసి ఖాతాల పేజీకి వెళ్లండి. ప్రతి ఖాతా కింద నెలల గళ్లు ఉంటాయి, 36 నెలల దాకా. ఒక్కో గడిలో మూడంకెలో మూడక్షరాలో ఉంటాయి. 000 అంటే ఆ నెల బకాయి లేదు. 032 అంటే ఆ తేదీకి 32 రోజుల పాత బకాయి ఉంది. ఎక్స్ఎక్స్ఎక్స్ అంటే బ్యాంకు ఆ నెల వివరం పంపలేదు, దానితో మీకు ప్రమాదం లేదు. ఎస్‌టీడీ అంటే బకాయి 90 రోజులు దాటలేదని. ఎస్ఎంఏ అంటే ఖాతా దారి తప్పుతోందన్న హెచ్చరిక. ఎస్‌యూబీ, డీబీటీ, ఎల్ఎస్ఎస్ కనిపిస్తే బకాయి 90 రోజులు దాటి మొండి బాకీ వరసలో పడిందని అర్థం.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక ఇరుకు ఉంది. మార్చి వాయిదా తప్పిందనుకోండి. ఏప్రిల్ నుంచి ప్రతి నెలా ఠంచనుగా కడుతున్నారు. అయినా గళ్లలో 030, 031, 030 అంటూ నెలలు నెలలు అలాగే వస్తుంది. కారణం, మీరు ఏప్రిల్‌లో కట్టిన డబ్బు మార్చి బాకీకి జమవుతుంది, మే డబ్బు ఏప్రిల్‌కి. ఒక్క వాయిదా వెనకబడి లోన్ అయ్యేదాకా నడుస్తూనే ఉంటారు. మీ పర్సనల్ లోన్‌లో ఇదే జరిగి ఉండొచ్చు, చూసుకోండి. ఆ యాప్ వెనక ఉన్న ఫైనాన్స్ కంపెనీ పేరు రిపోర్టులోనే ఉంటుంది. లోన్ స్టేట్‌మెంట్ అడిగి, పాత వాయిదా, బౌన్స్ చార్జీ, ఆలస్య రుసుము అన్నీ కలిపి ‘ఈ రోజుకు ఓవర్‌డ్యూ ఎంత’ అని రాతపూర్వకంగా తెలుసుకుని ఒకేసారి సున్నా చేయండి. గళ్లు 000కి వచ్చేస్తాయి. ఇది ఒక్క నెల పని, ఖర్చూ తక్కువ. దీన్ని వదిలేసి పెద్ద మచ్చ వెనక పరిగెత్తడం తప్పు.

వాయిదా ఎందుకు తప్పిందో కూడా చూడండి. జీతం 7న పడి, ఈఎంఐ 5న కట్ అవుతుంటే అది మళ్లీ మళ్లీ తప్పుతుంది. తేదీ మార్చమని అడగండి. మార్చకపోతే ఈఎంఐకి వేరే ఖాతా పెట్టి, రెండు వాయిదాల డబ్బు ఎప్పుడూ అందులో ఉండేలా చూసుకోండి.

ఇప్పుడు ‘సెటిల్డ్’ సంగతి. మీరు రూ.35,000 కట్టారు, బ్యాంకు రూ.49,000 వదులుకుంది. మీ దృష్టిలో లెక్క తీరిపోయింది. బ్యాంకు పుస్తకంలో మాత్రం మీరు రూ.49,000 నష్టం మిగిల్చిన ఖాతాదారు. సెటిల్డ్ అన్న మాటకు కొత్తగా అప్పిచ్చేవాడు చెప్పుకునే అర్థం అదే. 2023 జూన్ 8 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ప్రకారం, రాజీ సెటిల్‌మెంట్ చేసుకున్న వాళ్లకి వ్యవసాయేతర అప్పుల్లో ఆ సంస్థ కనీసం 12 నెలలు కొత్త అప్పు ఇవ్వకూడదు. మీకు ఆ గడువు ఎప్పుడో దాటింది. కానీ రిపోర్టులో మాట మిగిలే ఉంది.

దీనికి నిజాయితీ అయిన మార్గం ఒకటే, వదిలేసిన మొత్తాన్ని కట్టి ‘సెటిల్డ్’ను ‘క్లోజ్డ్’గా మార్పించుకోవడం. అన్ని బ్యాంకులూ ఒప్పుకుంటాయని చెప్పలేను, చాలా బ్యాంకులు ఒప్పుకుంటాయి, వాళ్లకు రాదనుకున్న డబ్బు వస్తుంది కదా. పద్ధతి ముఖ్యం. ముందు డబ్బు కట్టి తర్వాత కాగితం అడగకండి. కార్డు విభాగం ఫిర్యాదుల అధికారికి మెయిల్ రాయండి. మెయిల్లో ఉండాల్సింది ఇంతే:

‘నా కార్డు చివరి నాలుగు అంకెలు ఇవి. 2022లో ఫలానా తేదీన రూ.35,000కు సెటిల్ చేసుకున్నాను, లెటర్ జత చేశాను. మీరు మాఫీ చేసిన రూ.49,000 ఇప్పుడు పూర్తిగా చెల్లించదలిచాను. సెటిల్‌మెంట్ తర్వాతి కాలానికి వడ్డీ, చార్జీలు లేకుండా చెల్లించాల్సిన తుది మొత్తం, ఏ ఖాతాకు చెల్లించాలి అన్నది తెలపండి. చెల్లించిన తర్వాత ఖాతా స్థితిని క్లోజ్డ్‌గా మార్చి, సెటిల్‌మెంట్ మొత్తం, రైటాఫ్ మొత్తం అన్న గళ్లను సున్నా చేసి నాలుగు క్రెడిట్ కంపెనీలకూ పంపుతామని ఈ మెయిల్‌కు జవాబుగా నిర్ధారించండి.’

ఆ చివరి వాక్యం తప్పకుండా రాయండి. స్టేటస్ మారి, పక్కనున్న ‘సెటిల్‌మెంట్ అమౌంట్’, ‘రిటెన్ ఆఫ్ అమౌంట్’ గళ్లలో పాత అంకెలు అలాగే ఉండిపోయిన రిపోర్టులు ఎన్నో. లోన్ ఫైలు చూసే క్రెడిట్ మేనేజరు ఆ గడిని తప్పకుండా చూస్తాడు. బ్యాంకు ముందే ఖాతాను రైటాఫ్ చేసి, అంటే రాని బాకీగా పుస్తకాల్లో కొట్టేసి ఉంటే, ఇప్పుడు మొత్తం కట్టినా ‘రైటాఫ్ తర్వాత క్లోజ్ అయింది’ అన్న అర్థంలో రావచ్చు. అది కూడా సెటిల్డ్ కంటే మేలే.

డబ్బు కార్డు ఖాతాకే, మీ బ్యాంకు ఖాతా నుంచే వెళ్లాలి. రికవరీ ఏజెంటు తన ఫోన్‌పే నంబరు ఇచ్చి ‘ఇందులో వేయండి, నేను క్లోజ్ చేయిస్తా’ అంటే వేయొద్దు. మీ ఖాతాను బ్యాంకు ఒక ఆస్తుల పునర్నిర్మాణ కంపెనీకి, అంటే ఏఆర్‌సీకి అమ్మేసి ఉంటే, కట్టాల్సింది వాళ్లకే. ముందు బ్యాంకు నుంచి ‘ఈ ఖాతా ఫలానా సంస్థకు బదిలీ చేశాం’ అన్న లెటర్ తీసుకోండి, ఆ సంస్థ రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైనదేనా అన్నది రిజర్వు బ్యాంకు సైట్‌లోని జాబితాలో చూడండి. ఇలాంటి కేసుల్లో ఒకే అప్పు రెండు పేర్లతో, రెండు బకాయిలుగా కనిపించడం తరచూ వచ్చే చిక్కు. కట్టాక రెండు చోట్లా సరిచేయించుకోవాలి.

కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి. 2025 జనవరి 1 నుంచి బ్యాంకులు కనీసం పక్షానికొకసారి వివరాలు పంపాలి. కార్డు బకాయి తీర్చిన తర్వాత 30 రోజుల్లోగా స్థితి సరిచేయాలని కార్డుల నిబంధనల్లో విడిగా కూడా ఉంది. అందుకని నలభై రోజులు ఆగి మళ్లీ రిపోర్టు చూడండి. మారకపోతే అప్పుడు డిస్ప్యూట్.

డిస్ప్యూట్ పెట్టడానికి ఫీజు లేదు. రిపోర్టు మీద ఉండే కంట్రోల్ నంబరుతో, క్రెడిట్ కంపెనీ సైట్‌లోనే ఏ ఖాతా, ఏ గడి తప్పో ఎంచుకుని పంపాలి. ‘నా స్కోరు తప్పు’ అని రాస్తే అది ఫిర్యాదు కిందకే రాదు. ‘ఫలానా ఖాతాలో ప్రస్తుత బాకీ రూ.49,000 అని ఉంది, ఫలానా తేదీన చెల్లించాను, సున్నా ఉండాలి’ అని రాయాలి. అదే రోజు అవే కాగితాలు బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి కూడా మెయిల్ చేయండి. రిఫరెన్స్ నంబర్లు, తేదీలు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, ఎందుకంటే ఇక్కడి నుంచి గడియారం నడుస్తుంది.

30 రోజుల్లో సమస్య తేలాలి. అందులో బ్యాంకు తన వంతు సవరణ 21 రోజుల్లో పంపాలి. 30 దాటితే రోజుకు రూ.100 చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబర్ 26న రిజర్వు బ్యాంకు ఆదేశం ఇచ్చింది, 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది. బ్యాంకు 21 రోజుల్లో పంపకపోతే బ్యాంకు కడుతుంది. బ్యాంకు పంపినా క్రెడిట్ కంపెనీ సరిచేయకపోతే ఆ కంపెనీ కడుతుంది. 50వ రోజున సరిచేశారనుకోండి, 20 రోజులకు రూ.2,000, సమస్య తేలిన ఐదు పనిదినాల్లో మీ ఖాతాలో పడాలి. డబ్బు చిన్నదే. కానీ ఫిర్యాదు మెయిల్లో ఈ ఆదేశం ప్రస్తావన ఉంటే ఫైలు కదిలే తీరు వేరుగా ఉంటుంది. తప్పకుండా రాయండి.

30 రోజులు దాటినా జవాబు లేకపోయినా, జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు తరఫున ఫిర్యాదులు తేల్చే అధికారి, అంబుడ్స్‌మన్ ఉన్నారు. రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైట్ అయిన సీఎంఎస్ పోర్టల్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు, సందేహాలకు 14448 నంబరు ఉంది. 2022 సెప్టెంబర్ 1 నుంచి క్రెడిట్ కంపెనీలు కూడా అంబుడ్స్‌మన్ పరిధిలోకి వచ్చాయి. బ్యాంకుకు ముందు ఫిర్యాదు చేయకుండా నేరుగా వెళితే తిప్పి పంపుతారు, అందుకే ఆ తేదీల కాగితం.

అయితే ఒక మాట. డిస్ప్యూట్ అనేది తప్పుగా ఉన్నదాన్ని సరిచేయించడానికి. నిజంగా ఆలస్యమైన వాయిదాను ఏ డిస్ప్యూటూ చెరపదు. పర్సనల్ లోన్‌లో ఆలస్యమైన ఆ రెండు నెలలు గళ్లలో ఉంటాయి. వాటి మీద మంచి నెలలు పేరుకునే కొద్దీ వాటి బరువు తగ్గుతుంది, అంతే.

మీ రిపోర్టులో మీది కాని ఖాతా కనిపిస్తే దారి వేరు. మన పేర్లతో ఇది మరీ ఎక్కువ. వెంకటేశ్వరరావులు, లక్ష్ములు, శ్రీనివాసులు ఊరికి పదిమంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట ఒట్టి పొడి అక్షరం. దానికి తోడు బడిలో చేర్చేటప్పుడు మాస్టారు వేసిన జూన్ 1, జూలై 1 పుట్టినరోజులు. పాన్ నంబరు లేకుండా ఇచ్చిన పాత అప్పుల్ని పేరు, పుట్టిన తేదీ, చిరునామా చూసి కలిపేటప్పుడు ఇంకొకరి బాకీ మీ నెత్తిన పడుతుంది. అలాంటప్పుడు ‘చిన్న మొత్తమే కదా, కట్టేసి వదిలించుకుందాం’ అనుకోకండి. కట్టారంటే మీదేనని ఒప్పుకున్నట్టు. అప్పిచ్చిన సంస్థను దరఖాస్తు, కేవైసీ కాగితాలు, డబ్బు జమ చేసిన ఖాతా నంబరు చూపమని అడగండి. డబ్బు పడిన ఖాతా మీది కాకపోతే వాళ్లకు చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. ఎవరైనా మీ పాన్ వాడి మోసంతో తీసుకున్న అప్పయితే 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, ఆ రసీదు డిస్ప్యూట్‌కు జత చేయండి.

పాత ఖాతాల దగ్గర మన రాష్ట్రాల వాళ్లకు ఇంకో తిప్పలు ఉంది. అప్పిచ్చిన బ్యాంకే ఇప్పుడు ఆ పేరుతో లేదు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో, ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిశాయి. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకుకు వెళ్లాయి, ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు 2025 మే 1న ఒక్కటయ్యాయి. పాత ఖాతా తెరిచే ఉన్నట్టు కనిపిస్తే కలుపుకున్న బ్యాంకుకే రాయాలి, పాత నంబరు, కొత్త నంబరు రెండూ ఇవ్వాలి. పంట రుణం మాఫీ అయిందని ఊరుకున్న వాళ్లు కూడా ఒకసారి చూసుకోవడం మంచిది. మాఫీ సొమ్ము జమయ్యాక వడ్డీ కింద కొన్ని వందలు మిగిలిపోయినా ఖాతా బకాయిగానే నడుస్తుంది. బ్యాంకు నుంచి నో డ్యూస్ వచ్చేదాకా అప్పు తీరినట్టు లెక్క కాదు.

ఇలాంటిదే కార్డులతోనూ. వాడటం మానేసి కత్తిరించి పారేసిన కార్డు మీద రూ.500 వార్షిక రుసుము, 18 శాతం జీఎస్టీ కలిపి రూ.590 పడుతుంది. మీరు చూడరు. దాని మీద వడ్డీ, ఆలస్య రుసుము. ఏడాది తిరిగేసరికి 90 రోజులు దాటిన బాకీ ఒకటి మీ పేరున ఉంటుంది. వద్దనుకున్న కార్డును రాతపూర్వకంగా మూయించండి. బకాయి లేకపోతే ఏడు పనిదినాల్లో మూయాలి, లేకపోతే రోజుకు రూ.500 బ్యాంకే మీకు ఇవ్వాలన్న నిబంధన ఉంది. ఒకటి రెండు రోజులు ఆలస్యమైందని కంగారుపడేవాళ్ల కోసం: కార్డు బకాయి గడువు తేదీ దాటి మూడు రోజులు మించితేనే ఆలస్యంగా రిపోర్టు చేయాలి. అయితే మించిందంటే లెక్క గడువు తేదీ నుంచే మొదలవుతుంది.

మచ్చలు తుడవడం సగం పని. మిగతా సగం కొత్త గళ్లు 000తో నింపడం. మీ పాత కార్డు పోయింది కాబట్టి ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు తీసుకోండి. రూ.25,000 డిపాజిట్ చేస్తే సాధారణంగా దానిలో 80, 90 శాతం దాకా లిమిట్ ఇస్తారు. డిపాజిట్ మీద వడ్డీ మీకు వస్తూనే ఉంటుంది. స్కోరు తక్కువున్నా ఇస్తారు, ఎందుకంటే బ్యాంకు చేతిలో మీ డబ్బుంది. నెలకు రెండు మూడు వేలు, కరెంటు బిల్లో కిరాణానో దాని మీద పెట్టి, మొత్తం బిల్లు కట్టండి. బిల్లులో కనీసం కట్టాల్సినదిగా చూపే ‘మినిమం డ్యూ’ మాత్రమే కడితే గడిలో 000 వస్తుంది నిజమే, కానీ మిగతా దాని మీద నెలకు మూడు శాతానికి పైగా వడ్డీ పడుతుంది. మీ రూ.84,000 అలా పెరిగిందే అయి ఉంటుంది.

లిమిట్‌లో ఎంత వాడారన్నది కూడా లెక్కకొస్తుంది. ఇక్కడ తేదీల కిటుకు ఒకటి ఉంది. లిమిట్ రూ.20,000, బిల్లు తయారయ్యే తేదీ 18, కట్టాల్సిన గడువు వచ్చే నెల 7 అనుకోండి. మీరు రూ.16,000 ఖర్చు పెట్టి 7న మొత్తం కట్టేశారు. ఆలస్యం లేదు, వడ్డీ లేదు. అయినా 18న బిల్లులో పడిన రూ.16,000, అంటే 80 శాతం వాడకం, రిపోర్టుకెక్కే వీలుంది. అదే 16న రూ.12,000 ముందుగానే కట్టేస్తే బిల్లులో రూ.4,000 ఉంటుంది, 20 శాతం. ఖర్చు అంతే, అంకె వేరు. 30 శాతం లోపు ఉంచుకోవడం అందరూ పాటించే కొండగుర్తు.

బంగారం మీద లోన్ కూడా రిపోర్టులో పడుతుంది. సమయానికి విడిపించుకుంటే మంచి ఖాతా, వేలానికి వెళ్తే నగ పోవడమే కాక మచ్చ కూడా మిగులుతుంది. ఎవరికైనా షూరిటీ సంతకం పెట్టారా అన్నదీ చూసుకోండి. వాళ్లు కట్టకపోతే ఆ బకాయి మీ రిపోర్టులోనూ ఉంటుంది. పిల్లల చదువు లోన్‌లో కో అప్లికెంటుగా ఉన్న తల్లిదండ్రులకూ ఇంతే. అబ్బాయి అమెరికా నుంచి రెండు నెలలు డబ్బు పంపడం మర్చిపోతే నాన్న స్కోరు పడుతుంది.

ఈ నెలల్లో కొత్త లోన్లకు దరఖాస్తు పెట్టకండి. యాప్‌లలో ‘మీ అర్హత చూసుకోండి’ అని నొక్కడం, ఏజెంటుకు కాగితాలిచ్చి ‘ఎక్కడొస్తే అక్కడ’ అనడం వల్ల వారంలో ఐదారు ఎంక్వైరీలు, అంటే అప్పిచ్చేవాళ్లు మీ రిపోర్టు తీసి చూసిన గుర్తులు, పడతాయి. డబ్బుకు బాగా ఇబ్బందిలో ఉన్నాడని అది చెప్పకనే చెబుతుంది.

మోసాల సంగతికి మళ్లీ వస్తాను, ఎందుకంటే మీరు ఒకడికి కాదన్నా ఇంకొకడు వస్తాడు. ఒకసారి లోన్ రిజెక్ట్ అయిన నంబర్లు చేతులు మారుతుంటాయి.

‘ఈఎంఐలు కట్టడం ఆపేయండి, మా లాయర్లు బ్యాంకుతో మాట్లాడి సగానికి తెగ్గొడతారు, నెలనెలా మాకు ఫీజు ఇవ్వండి’ అనేవాళ్లు అన్నిటికంటే ప్రమాదం. ఆపేసిన ప్రతి నెలా మీ గళ్లలో 30, 60, 90 పడుతుంది. చివరికి దొరికేది మళ్లీ ‘సెటిల్డ్’ ముద్రే. బ్యాంకుతో మీరే మాట్లాడుకోవచ్చు. వాయిదా భారమైతే ఖాతా 90 రోజులు దాటకముందే శాఖకు వెళ్లి కాలపరిమితి పెంచమని రాసివ్వండి. దానివల్ల ‘రీస్ట్రక్చర్డ్’ అని పడొచ్చు, అయినా మొండి బాకీ కంటే నయం.

‘రుణమాఫీ సర్టిఫికెట్’ ఇప్పిస్తామని ఫీజు వసూలు చేసేవాళ్ల గురించి రిజర్వు బ్యాంకే 2023 డిసెంబర్ 11న ప్రజల్ని హెచ్చరించింది. అలాంటి కాగితం ఇచ్చే అధికారం వాళ్లెవరికీ లేదు. ‘సిబిల్ లేకపోయినా లోన్ గ్యారంటీ, ముందు ఇన్సూరెన్స్, జీఎస్టీ కట్టండి’ అనేది ముందస్తు ఫీజు దోపిడీ. అసలైన సంస్థ తన చార్జీలను సాధారణంగా లోన్‌లోంచి మినహాయించుకుంటుంది, ముందుగా ఎవరి వ్యక్తిగత యూపీఐకీ వేయమనదు. రిజర్వు బ్యాంకు తన సైట్‌లో లోన్ యాప్‌ల జాబితా పెట్టింది, ఇన్‌స్టాల్ చేసే ముందు చూడండి. 2020 డిసెంబర్‌లో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు లోన్ యాప్‌ల మీద పెట్టిన కేసులు గుర్తున్నవాళ్లకు ఇది ఎక్కువ చెప్పక్కర్లేదు. ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు అడిగే యాప్‌ను ఆ క్షణమే తీసేయండి.

‘కొత్త పాన్ తీయిద్దాం, చరిత్ర మొత్తం పోతుంది’ అనే మహానుభావులూ ఉన్నారు. రెండు పాన్‌లు ఉంటే ఆదాయపు పన్ను చట్టం కింద రూ.10,000 జరిమానా. పైగా పేరు, పుట్టిన తేదీ, ఫోను, చిరునామాలతో పాత చరిత్ర వచ్చి కలుస్తుంది. ‘మూడేళ్లు దాటితే బాకీ రద్దయిపోతుంది’ అన్నదీ సగం మాట. మూడేళ్ల కాలదోషం కోర్టులో దావా వేయడానికి సంబంధించింది. రిపోర్టులో బకాయి దానంతటది పోదు.

ఆ కన్సల్టెంటుకు ఇప్పటికే ఓటీపీ, పాన్ ఇచ్చి ఉంటే ఈ రోజే కూర్చోండి. సిబిల్ ఖాతా, మెయిల్ పాస్‌వర్డ్‌లు మార్చండి. రిపోర్టులో ఫోను, మెయిల్ వాడివి చేర్చాడేమో చూడండి, చేర్చి ఉంటే వాటి మీదా డిస్ప్యూట్ పెట్టండి. మీ పేరున పెట్టిన డిస్ప్యూట్‌లలో మీ ఖాతాను ‘నాది కాదు’ అని రాసి ఉంటే, బ్యాంకుకు మెయిల్ చేసి అది మీ సమ్మతితో పెట్టింది కాదని చెప్పండి. రేపు అదే బ్యాంకును రూ.49,000 విషయంలో మంచిమాట అడగబోతున్నారు. డబ్బు పంపి ఉంటే 1930కి వెంటనే ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే వాడి ఖాతాలో డబ్బు నిలిపేసే అవకాశం అంత ఎక్కువ.

హోమ్ లోన్ ఎప్పుడు అంటారా. ఫలానా స్కోరు కచ్చితంగా ఉండాలని రిజర్వు బ్యాంకు ఎక్కడా పెట్టలేదు, ఏ బ్యాంకు గీత దానిదే. 750 పైన ఉంటే తక్కువ వడ్డీ రేటు దొరుకుతుందన్నది మార్కెట్ వాడుక. రూ.40 లక్షలు, 20 ఏళ్లు, 8.5 శాతానికి ఈఎంఐ రూ.34,713. స్కోరు తక్కువని ఒక శాతం ఎక్కువ వేస్తే రూ.37,285. నెలకు రూ.2,572 తేడా, 20 ఏళ్లకు రూ.6 లక్షల 17 వేలు. దీని పక్కన ఆ రూ.49,000 పెట్టి చూడండి. ఈ నెలలో పర్సనల్ లోన్ ఓవర్‌డ్యూ సున్నా చేసి, కార్డు బ్యాంకుకు మెయిల్ పెట్టండి. క్లోజ్డ్ కాగితం చేతికొచ్చి, నాలుగు రిపోర్టుల్లోనూ మారాక, డిపాజిట్ కార్డు మీద ఆర్నెల్లకు తగ్గకుండా, ఓపిక ఉంటే ఏడాది, 000లు పడనివ్వండి. ఆ తర్వాత జీతం పడే బ్యాంకులోనే ముందు అడగండి. దరఖాస్తు ఫారం నింపకముందే మీ రిపోర్టు కాపీ, క్లోజర్ లెటర్ క్రెడిట్ మేనేజరు ముందు పెట్టి, ‘దీని మీద మీ బ్యాంకు ఇస్తుందా’ అని అడిగి, ఇస్తుందంటేనే ఎంక్వైరీ వేయించండి.